చెంచా పడితే నవ్వాలి

రెస్టారెంటు వెనక మెట్ల మీద,
సోమవారం మధ్యాహ్నం

వదినా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోను చేస్తే అన్నయ్య స్పీకరులో పెట్టి తనూ వింటాడు, అడక్కుండానే సలహాలిస్తాడు. నాకు సలహా అక్కర్లేదు. నా తిట్లు వినడానికి ఒక మనిషి కావాలి.

ముందు మంచి కబురు. ఇన్నాళ్ళూ ప్లేట్లు మోసిన నీ ఆడబిడ్డ ఇప్పుడు హాలు మేనేజరు. కాకపోతే ఇంకా ఖాయం కాలేదు. కొన్నాళ్ళు చూసి, నచ్చితే ఉంచుతారట, లేదంటే మళ్ళీ ట్రే చేతికిస్తారట. ఆ రెండో ముక్క అన్నయ్యకి చెప్పకు. ఖాయమైపోయిందని గొప్పలు పోయాను.

మా యజమానిని మేం చాటుగా మౌనస్వామి అంటాం. ఊళ్ళో ఖరీదైన చోట్లు చాలా ఉన్నాయి గానీ నిశ్శబ్దం దొరికేది తన దగ్గరేనంటాడు. నేలంతా మందపాటి తివాచీ. కుర్చీల కాళ్ళకి మెత్తటి గుడ్డ తొడుగులు. మాకు రబ్బరు అడుగు బూట్లు. హాల్లో మాకు మాటల్లేవు, సైగలే. మణికట్టు పట్టుకుంటే బిల్లు తెమ్మని, మెడ తడిమితే నీళ్ళు పొయ్యమని, చెవి తాకితే ఆ బల్లవాళ్ళ గొంతు తగ్గించమని. ఈ మధ్య ఆయన చెయ్యి చెవి మీంచి దిగడం లేదు.

కారణం లిఫ్టు బ్యాచి. ఎదురు మేడలో ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్ళట. ఒక లాయరు, పూలకొట్టు ఆవిడ, కళ్ళజోళ్ళాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు. అంతకుముందు ఒకరికొకరు ముక్కూ మొహం తెలియదు. బయటపడ్డ సంతోషంలో తిన్నగా మా దగ్గరికొచ్చి భోంచేశారు, ఇక ఆ అలవాటు వదల్లేదు. కాపాడండి అని అరవడంతో మొదలైన స్నేహం కదా, ఇప్పటికీ ఆ గొంతులోనే నడుస్తోంది. కళ్ళజోళ్ళాయన జోకు సగంలో ఉండగానే లాయరు నవ్వేస్తాడు. ఆ నవ్వుకి పూలకొట్టావిడ బల్ల చరుస్తుంది. ఆ చరుపుకి పక్క బల్ల మీద సూపు ఒలుకుతుంది. తుడిచేది మేం.

ఇక గుంపులకి బల్ల ఇవ్వకూడదని ఒక నియమం రాసి తెమ్మన్నాడు మౌనస్వామి. రాసేద్దామనే ఉంది. రోజంతా లైబ్రరీలో కూర్చునేదానివి, నిశ్శబ్దం విలువ నీకు తెలియంది కాదు. నువ్వేమంటావు?

మిగతా అంతా బాగానే ఉంది. మధ్యమధ్య కూరగాయలు చూసే నెపంతో చల్లగదిలోకి వెళ్ళి కాసేపు నిలబడి వస్తుంటాను. హాయిగా ఉంటుంది.

నీ మరదలు


లైబ్రరీలో పాత పత్రికల గది నుంచి,
గురువారం

మేనేజరుగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఉన్న పూర్తి మొగుడితోనే వేగలేకపోతున్నాను, ఇప్పుడు ఈ సగం మేనేజరు కూడానా! సంతోషంగా ఉందే. ఖాయం కాలేదన్న సంగతి నా కడుపులోనే ఉంటుంది. మీ అన్నయ్యగారు మాత్రం వీధిలో అందరికీ చెప్పేశారు. పాలవాడు కూడా నిన్ను అభినందించమన్నాడు.

ఇక నీ ఉత్తరం చదువుతుంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. నాకూ ఒక గుంపుంది మరి! నువ్వు మా పెళ్ళిలో చూసినవాళ్ళే. పళ్ళ డాక్టరమ్మ, బడిలో ఆటలు నేర్పే ఈల టీచరు, బట్టలు కుట్టే కుట్టుమిషను. మిషనన్నది పనికి పెట్టిన పేరు కాదు, నోటికి పెట్టిన పేరు. నెలకోసారి నలుగురం మంచి చీరలు కట్టుకుని, ఊళ్ళో అన్నిటికన్నా ఖరీదైన చోటికి వెళ్ళి, అన్నిటికన్నా చవకైన సూపు చెప్పి, సాయంత్రమంతా కూర్చుంటాం. మమ్మల్ని అక్కడ చాలా గౌరవంగా చూస్తారు.

పొద్దస్తమానం "ష్, ష్" అంటూ బతికేదాన్ని. నెలకొక్క పూటైనా ఎవరో ఒకరు నన్ను "ష్" అనాలని ఉండదా నాకు? ఆ నియమం ఇప్పుడే రాయకు. రాసేముందు లాయరు ఆ జోకు సగంలో ఎందుకు నవ్వుతాడో కనుక్కో. ముందే విన్న జోకై ఉంటుంది.

అవునుగానీ, కూరగాయల్ని అంతసేపు ఏం చూస్తావే? వంకాయలు నీతో కబుర్లు చెబుతాయా?

వదిన


రెస్టారెంటు వెనక మెట్ల మీద,
ఆదివారం ఉదయం

వదినా,

నువ్వు కూడానా! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఇందుకే కాబోలు. మీ ఊళ్ళో ఆ హాలు మేనేజరెవరో, పాపం, ఆ మనిషికి నా సానుభూతి చెప్పు.

నిన్న లిఫ్టు బ్యాచి మళ్ళీ వచ్చింది. ఈసారి పాట. పూలకొట్టావిడ అందుకుంటే మిగతావాళ్ళు వంతపాడారు. మూల బల్ల దగ్గర పెద్దాయనొకరు ఐస్‌క్రీం సగంలో వదిలేసి లేచిపోయాడు. వెళుతూ వెళుతూ, "నిశ్శబ్దం ఇక్కడ దొరుకుతుందన్నారు, స్టాకు అయిపోయిందా అమ్మా?" అని నన్నడిగాడు. మౌనస్వామి నా వెనకే ఉన్నాడు. చెవి తాకలేదు, నా వైపు చూశాడంతే. దానికన్నా చెవి తాకితేనే నయం.

నాకు కోపం వచ్చి రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అంత పెద్దగా నవ్వేవాళ్ళకి బతుకులో ఏ కష్టమూ ఉండదు వదినా. కష్టం ఉన్నవాళ్ళకి అంత గొంతు రాదు. వాళ్ళ సరదా వాళ్ళది, నడిమధ్య ప్రాణసంకటం నాది. నియమం రాసేస్తాను.

చల్లగది సంగతి వదిలెయ్. వంకాయలు లేవు, క్యారట్లే ఉన్నాయి.

మరదలు


మా వంటింటి గట్టు మీద,
మంగళవారం

చిట్టీ,

నీ కోపానికి నాకు కోపం రాలేదు. అయితే కష్టం లేనివాళ్ళే పెద్దగా నవ్వుతారన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. అందుకని ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నీకు చెబుతున్నాను. మీ అన్నయ్యకి తెలియదు. ఈ ఉత్తరం చదివి చింపెయ్.

మా డాక్టరమ్మ భర్త ఉద్యోగం బదిలీ అయి వేరే ఊళ్ళో ఉన్నాడని అందరికీ తెలుసు కదా. బదిలీ కాదు. పోయినేడాది ఒకరోజు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. పోట్లాట లేదు, మాటా లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అది బదిలీ అని చెప్పుకుంది. ఊళ్ళో సగం మంది నోళ్ళు చూసిన మనిషి. ఆ నోళ్ళన్నిటికీ ఈ కబురు దొరికితే ఎలా నమిలేస్తాయో దానికి తెలుసు.

మరి ఎక్కడ ఏడవాలి చెప్పు. ఇంట్లో అత్తగారున్నారు, ఆవిడ దీనికన్నా ముందు ఏడుస్తుంది. క్లినిక్కులో ఏడుద్దామంటే, నోరు తెరుచుకుని పడుకున్నవాడి మీద కన్నీళ్ళు రాలితే బాగుండదు. మామూలు హోటల్లో పక్కవాడు మన బల్ల మీద మోచెయ్యి ఆనించి మరీ వింటాడు. ఖరీదైన చోట బల్లలు దూరదూరంగా ఉంటాయి, తిన్నాక లేవమనరు, చూసినా చూడనట్టుంటారు. అందుకని అక్కడికెళతాం.

అయినా ఒకసారి దానికి ఏడుపు ఆగలేదు. చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పబోతున్నారు. కంగారులో కుట్టుమిషను చేతిలోంచి చెంచా కింద పడింది. అంతే, ఏం తోచక ఈల టీచరు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. తలలన్నీ ఈల టీచరు వైపు తిరిగాయి. ఆ సందులో డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. దాని కళ్ళలో నీళ్ళు ఎవరు ముందు చూస్తే వాళ్ళు చెంచా పడెయ్యాలి. చెంచా పడితే మిగతావాళ్ళు నవ్వాలి. ఎందుకూ ఏమిటీ అనకూడదు. ఒక్కోసారి నవ్వి నవ్వి చివరికి అదీ నవ్వేస్తుంది.

చాలా గౌరవంగా చూస్తారన్నానే, అది అబద్ధం. పోయిన నెల ఆ మేనేజరు చేతులు కట్టుకుని, "మేడం, ఇక మీకు బల్ల ఇవ్వలేం" అన్నాడు. పాపం అతని తప్పేం లేదు, అతని చెవులకి వినబడింది నవ్వేగా. డాక్టరమ్మ మాత్రం మెట్లు దిగుతూ, "ఇక నేను ఏడవడం మానెయ్యాలి కాబోలు" అంది. అది నవ్వుతూనే అంది. మేమే నవ్వలేకపోయాం.

అందుకని అడుగుతున్నాను. నువ్వు చల్లగదిలోకి వెళ్ళేది క్యారట్ల కోసమేనా?

వదిన


నా గదిలో, కిటికీ దగ్గర,
శుక్రవారం

వదినా,

ఉత్తరం చింపేశాను. డాక్టరమ్మకి నా నమస్కారం చెప్పు. ఎందుకని అడిగితే పన్ను నొప్పి తగ్గిందట అని చెప్పు.

క్యారట్ల కోసం కాదు. ఈ ఊళ్ళో నన్ను "ఏమే" అని పిలిచేవాళ్ళు లేరు వదినా. మొన్నటిదాకా నాతో ట్రే మోసినవాళ్ళు, మేనేజరు కాగానే నేను గదిలోకొస్తే మాటలాపేస్తున్నారు. భోజనం ఒక్కదాన్నే చేస్తున్నాను. అంతా సైగలే. ఒక్కోరోజు ఇంటికొచ్చి తలుపు తీసేదాకా నా గొంతు నాకే వినబడదు. చల్లగదిలో నిలబడితే కళ్ళ ఎరుపు తొందరగా పోతుంది, అంతే. ఏదో పెద్ద కష్టమని కాదు. చెబుతుంటే సిగ్గుగా కూడా ఉంది.

ఆ నియమం ఇంకా రాయలేదు. కాగితం తీసినప్పుడల్లా మీ చెంచా గుర్తొస్తోంది. కానీ వచ్చే శనివారం తేలిపోవాలి. ఆ రోజు మౌనస్వామి అక్కగారు వస్తోంది, ఈ రెస్టారెంటులో ఆవిడకి సగం వాటా. ఆవిడ ముందు హాలు ఎలా నడిపిస్తానో చూసి నన్ను ఖాయం చేస్తారట. అదృష్టం బాగుండి ఆ రోజు లిఫ్టు బ్యాచి రావడం లేదు. ఎవరో దంతవైద్యులు నలుగురు బల్ల అడిగారు. నోళ్ళు తెరిపించడమే గాని తెరిచేవాళ్ళు కాదుగా అని, అక్కగారి బల్ల పక్కదే వాళ్ళకిచ్చాను. మౌనస్వామి ఎంతో మెచ్చుకున్నాడు.

నా కోసం ఆ పూట ఒక దండం పెట్టుకో.

మరదలు


రైలు పెట్టెలో, కుదుపుల మధ్య,
ఆదివారం

చిట్టీ,

అక్షరాలు వంకర పోతే రైలుని తిట్టు. మిగతావాటన్నిటికీ మమ్మల్ని తిట్టు.

నువ్వు ఒక్కదానివే తింటున్నావని చదివాక ఆగలేకపోయాను. అప్పటికే టిక్కెట్లు కొని ఉన్నామనుకో. బల్ల అడిగింది డాక్టరమ్మ కాబట్టి దంతవైద్యులన్న మాటలో నాలుగో వంతు నిజం. నిన్ను ఒక్కసారి చూసి, మంచి సూపు తాగి, మాట లేకుండా వచ్చేద్దామనుకున్నాం. రైల్లోనే ఒట్లు వేసుకున్నాం. ఈల టీచరు ఈలని సంచి అడుగున పెట్టి పైన తువ్వాలు కప్పింది.

మమ్మల్ని చూడగానే నీ మొహం పాలిపోవడం చూశాను. అయినా భలే నిబ్బరంగా, "రండి డాక్టరుగారూ" అన్నావు. అప్పుడే నాకు నీ మీద గర్వం పుట్టింది.

ఒట్టు ప్రకారం నోటికి తాళం వేసుకున్నాం. అదే కొంప ముంచింది. పరీక్ష హాల్లో పిల్లల్లా నలుగురం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేసరికి పక్క బల్లలవాళ్ళకి భయం పట్టుకుంది. వాళ్ళు గొంతు తగ్గించారు. వాళ్ళని చూసి అవతలివాళ్ళు తగ్గించారు. సూది పడితే వినబడేలా అయింది హాలు. సరిగ్గా అప్పుడే అక్కగారి ముందు చల్లారిన సూపు వచ్చింది. మీ మౌనస్వామి నిన్ను పిలిచి, తన మామూలు మెత్తటి గొంతుతో అన్నాడు: "ట్రే మోసేవాళ్ళని తెచ్చి తల మీద పెట్టుకుంటే ఇంతే. తప్పు మీది కాదు, నాది."

ఎంత మెల్లగా అన్నాడో! ఒక్క అక్షరం పోకుండా చివరి బల్లదాకా వినబడింది. అందరి చూపూ నీ మీదికి తిరుగుతోంది. నీ చేతిలో నీళ్ళ జగ్గు, అక్కగారి గ్లాసు సగం నిండింది. వదిలేసి చల్లగదికి పోలేవు. నీ కింది పెదవి నాకు తెలుసు, కాపురానికొచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, అది వణికాకే కళ్ళు నిండుతాయి.

నేను చెంచా అందుకునే లోపే ఠంగుమని శబ్దం. పడేసింది డాక్టరమ్మ. ఏడాదిగా మేం ఎవరి కోసం పడేస్తున్నామో, అదే. తివాచీ మీద పడితే వినబడదని, తెలివిగా పింగాణీ పళ్ళెం మీద పడేసింది.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. ఈల టీచరు నవ్వు అంత పెద్దదని నాకూ తెలియదు. కుట్టుమిషను బల్ల చరిచింది. నేను లైబ్రరీలో దాచుకున్న గొంతంతా బయటికి తీశాను. ఊరంతా మా వైపు తిరిగింది. ఆ సందులో నువ్వు లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చావు.

వచ్చి మా బల్ల ముందు నిలబడ్డావు. ఆయన చెవి తాకుతూనే ఉన్నాడు. నువ్వు నా వైపే చూస్తున్నావు. వదినని లేచి పొమ్మనడం ఎలాగని కదూ? అందుకే మేమే లేచాం. ఈల టీచరు గుమ్మం దగ్గర అన్నది మాత్రం కాస్త ఎక్కువైందేమో: "ఏం గట్టి పిల్లండీ బాబూ! బడిలో నా ఈలకి లేవని పిల్లలున్నారుగానీ, ఈ అమ్మాయి చూపుకి మేం లేచాం!"

ఉద్యోగం ఉందా, ఊడిందా? ఊడితే అది మా పుణ్యమే. ఇంటికొచ్చెయ్, నలుగురం నిన్ను నెత్తిన పెట్టుకుంటాం. ఉత్తరం రాసేదాకా నాకు అన్నం సయించదు.

వదిన


చల్లగది గుమ్మంలో (నిజంగానే క్యారట్ల కోసం),
గురువారం

వదినా,

అన్నం తిను.

మీరు వెళ్ళాక మౌనస్వామి నన్ను పక్కకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది. "భేష్. నోరెత్తకుండా నలుగురిని లేపేశారు. ఇదీ నాకు కావలసిన మేనేజరు. ఖాయం" అన్నాడు. మౌనం అర్ధాంగీకారం కదా, ఊరుకుంటే ఉద్యోగం నాదే. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. కానీ మీ బల్ల తుడవడానికి వెళితే ఆ చెంచా అక్కడే పళ్ళెంలో ఉంది. చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను.

"వాళ్ళని నేను లేపలేదు సార్. ఆవిడ మా వదిన. మీ మాటకి నాకు ఏడుపొచ్చింది. అది హాలుకి కనబడకుండా ఉండాలని వాళ్ళు నవ్వారు" అన్నాను.

ఆయన మొహంలో వెలుగు పోయింది. "నేనంత గట్టిగా అన్నానా?" అన్నాడు.

"మెల్లగానే అన్నారు సార్. ఇంత నిశ్శబ్దంలో మెల్లగా అన్నా హాలంతా వినబడుతుంది."

అక్కగారు అంతా విందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "చిన్నప్పుడూ వీడింతే. నన్ను మెల్లగా తిట్టేవాడు, మా నాన్నకి వీధి గదిలో వినబడేది!" అంది. ఆ నవ్వుకి హాలు మళ్ళీ ఇటు తిరిగింది. మౌనస్వామి చెయ్యి చెవిదాకా వెళ్ళి, అక్కగారని గుర్తొచ్చి, కిందికి దిగింది.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. రోజూ ట్రే ఎప్పుడు చేతికిస్తాడా అని చూస్తూ గడిపాను. ఇవాళ పొద్దున పాత కుర్చీలు పడేసే అద్దాల వరండాలోకి తీసుకెళ్ళాడు. "దీని దుమ్ము దులిపించండి. నవ్వేవాళ్ళని ఇక్కడ కూర్చోబెట్టండి. మధ్య తలుపు మాత్రం వేసుంచాలి" అన్నాడు. "ఇదంతా ఎవరు చూసుకోవాలి సార్?" అనడిగాను. అద్దాల వైపు చూస్తూ, "హాలు మేనేజరు. మీరే" అన్నాడు. వెళ్ళబోతూ, "ఆ రోజు అన్న మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. వరండా కదా, ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది, చాలు.

ఆ నియమం కాగితం ఇక అక్కర్లేదు. మీ నలుగురికీ నా వరండాలో ఎప్పుడూ బల్ల ఉంటుంది.

మరదలు


లైబ్రరీ నుంచి, తొందరలో

ఏమే,

నీ ఉత్తరం లైబ్రరీలో చదివి కేక పెట్టాను. పేపరు చదువుకునే పెద్దాయన నన్ను "ష్" అన్నాడు. ఇన్నాళ్ళకి కోరిక తీరింది.

ఇంకో కబురు. నిన్న క్లినిక్కులో ఒకావిడ నోరు తెరిపించి, దూది కుక్కి, డాక్టరమ్మ తనంతట తానే చెప్పేసిందట: "మా ఆయనది బదిలీ కాదండీ, వెళ్ళిపోయాడు." ఆవిడ పాపం కళ్ళు పెద్దవి చేసింది గాని, జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. ఇలాగే రోజుకొకరికి చెబుతానంటోంది. అదృష్టవంతురాలు, ఎదురు మాట్లాడేవాడు దొరకడు.

వదిన


నా గదిలో, కిటికీ దగ్గర,
ఆదివారం

వదినా,

లిఫ్టు బ్యాచి ఇప్పుడు అద్దాల వరండాలో కూర్చుంటోంది. మొదటి రోజు నీళ్ళు పోస్తూ, గొంతు తగ్గించి, "మీలో ఎవరికైనా ఏదైనా కష్టమా?" అని పూలకొట్టావిడని అడిగాను. మీ కథ విన్నాక ప్రతి నవ్వు వెనకా ఏదో ఉంటుందని నమ్మకం కుదిరింది మరి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కష్టమా? ఏం లేదమ్మా, ఊరికే నవ్వుతున్నాం. నీకేమైనా ఉందా ఏమిటి?" అంది. గ్లాసు నిండి ఒలికేదాకా నీళ్ళు పోస్తూనే ఉన్నాను. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు.

ఆవిడ కష్టం సంగతి వదిలేసి, "నీ సెలవెప్పుడు?" అంది.

నిన్న నా సెలవు. నన్ను వెంటబెట్టుకుని వేరే చోటికి వెళ్ళారు. మాకన్నా ఖరీదు, తివాచీ మాకన్నా మందం. కళ్ళజోళ్ళాయన జోకు మొదలుపెట్టాడు. సగంలో లాయరు నవ్వాడు. నువ్వన్నది నిజమే, అతను ముందే విన్నాడట, లిఫ్టులోనే. ఇంతలో నా చేతిలోంచి చెంచా జారి పళ్ళెం మీద పడింది. ఊరికే జారింది వదినా, ఎవరి కళ్ళలోనూ నీళ్ళు లేవు. కానీ పద్ధతి పద్ధతే కదా. నవ్వాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ అందుకున్నారు. పూలకొట్టావిడ బల్ల చరిచి, "ఏమే, ఇన్నాళ్ళూ ఈ నవ్వుని ఎక్కడ దాచావే!" అంది.

అంతలో అక్కడి మేనేజరు పిల్ల రబ్బరు బూట్లతో చప్పుడు లేకుండా మా బల్ల దగ్గరికి నడిచొచ్చింది. చేతులు కట్టుకుని వంగి, "మేడం, దయచేసి కాస్త గొంతు తగ్గిస్తారా?" అంది.

అడిగింది నన్నే వదినా!

నీ మరదలు